గొడుగు కింద సాక్ష్యం

ఖాకీ ప్యాంటు తొడిగి, మెడలో ఈల వేసుకుని, చేత లాఠీ పట్టుకున్న యతిరాజులును చూస్తే అసలు పోలీసు కూడా సలాము కొట్టాల్సిందే. మనలి ఫ్యాక్టరీల పేటలో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం పోయినప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్న ఆస్తి ఆ మూడే. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ డ్యూటీకని బయలుదేరి, బస్సెక్కి, ఊరి పొలిమేరలో సముద్రం ఒడ్డున ఉన్న పాత పార్కుకు చేరేవాడు.

ఆ పార్కు తెల్లదొరల కాలం నాటిది. కూలిన కోట గోడ, తుప్పు పట్టిన ఫిరంగి, చుట్టూ సరుగుడు చెట్లు. చరిత్ర చూడవచ్చినవాళ్ళు ఫిరంగి పక్కన ఫోటో దిగి వెళ్ళిపోతారు. ఆ తర్వాత మిగిలేది జంటలే. ఎన్ని తుపాన్లకో చెక్కుచెదరని గోడ మీద ‘కార్తీ – వినోదిని’ అని మేకుతో గీకి ఉంటుంది. అది కంటపడినప్పుడల్లా యతిరాజులుకు ఒళ్ళు మండేది. థూ, సిగ్గులేని జన్మలు అనుకునేవాడు. ఆ సిగ్గులేని జన్మలే తనకు కూడు పెడుతున్నాయని మాత్రం తట్టేది కాదు.

పోలీసునని చెప్పి జంటల్ని బెదిరించడంలో ఆయన పద్ధతి ఆయనది. ఎవరైనా నోటు చూపిస్తే మండిపడేవాడు. లంచం తినే రకం కాదట. ఉంగరమో వాచీయో అయితే తీసుకునేవాడు. “ఇది కేసుకు సాక్ష్యం. అమ్మానాయనల్ని వెంటబెట్టుకుని స్టేషనుకొచ్చి విడిపించుకోండి” అనేవాడు. ఏ పిల్ల వస్తుంది, ఏ పిల్లవాడు వస్తాడు? మర్నాటికల్లా సాక్ష్యం సేటు కొట్లో కరిగిపోయేది.

సాక్ష్యం పుచ్చుకునే ముందు ఒక ఉపన్యాసం తప్పదు. “మా ఇంట్లో కొడుకూ కోడలూ ఉండారు. నా కండ్ల ముందర ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుని ఎరగరు. అదీ మర్యాదంటే.”

తొండియార్‌పేటలో వాళ్ళ వీధిలో ఏ ఇంట తగాదా వచ్చినా జనం తీర్పుకోసం యతిరాజులు గడపే తొక్కుతారు. కొడుకు గిరి ఆయన ఎదుట కూర్చోడు. కోడలు తలెత్తదు. ఆ పెద్దరికం పోతే తన బతుకు చిల్లిగవ్వ చెయ్యదని ఆయనకు తెలుసు. అందుకే మనలి ఉద్యోగపు అబద్ధాన్ని కంటికి రెప్పలా కాచుకుంటున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కోట గోడ నీడలో నల్ల గొడుగు కనబడింది. గొడుగును నేలకు వాల్చి, దాని చాటున ఎవరో ఇద్దరు కూర్చుని కిలకిలా నవ్వుకుంటున్నారు.

“ఏయ్, ఎవరది? గొడుగు తియ్యండి.”

నవ్వు ఠక్కున ఆగిపోయింది. గొడుగు లేవలేదు సరికదా, ఇంకాస్త కిందికి దిగింది.

యతిరాజులు వంగి చూశాడు. గొడుగు అంచు పక్కనుంచి ఆడమనిషి పాదాలు కనబడ్డాయి. వేళ్ళకు మెట్టెలు మెరుస్తున్నాయి. ఆయనకు నవ్వొచ్చింది. మొగుడితో కులికే ఆడది ఇంట్లోనే కులుకుతుంది గానీ, ఎండన పడి పార్కుకు ఎందుకొస్తుంది?

“మెట్టెలుండాయే. అంటే ఇంటికాడ మొగుడుండాడు. ఆయనకు ఫోన్ చేద్దామా?”

పాదాలు గబుక్కున గొడుగు చాటుకు పోయాయి. తప్పు చేసినవాళ్ళకే నోరు పెగలదని ఆయన అనుభవం.

“సరి, ఈసారికి పెద్దమనసు చేసుకుంటా. సాక్ష్యం ఆడ పెట్టి పోండి. మొహాలు నేను చూడను.”

లోపల ఎవరో వద్దు వద్దన్నట్టు గాజులు గలగలమన్నాయి. ఆ తర్వాత ఏడుపు దిగమింగిన చప్పుడు. చివరికి గొడుగు కింది నుంచి రుమాలు మూట ఒకటి ఇసుక మీదికి జరిగింది. విప్పి చూస్తే ఎర్రరాళ్ళ కమ్మలు. పాతకాలపు పనితనం, గట్టి బంగారం.

“పో, పోయి బుద్ధిగా కాపురం చేసుకో” అని దీవించి యతిరాజులు వెనుదిరిగాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి భార్య అలమేలు ఒక్కతే ఉంది. కొడుకూ కోడలూ మైలాపూరు గుడికి వెళ్ళారని చెప్పింది. ఆమె కాఫీ గ్లాసు అందిస్తుంటే, చెవులకు వేపపుల్లలు ఉండటం ఆయన కంటబడింది. ఎన్నాళ్ళ నుంచి అలా బోసిగా ఉన్నాయో ఆయనకు తెలియదు. ఎప్పుడు చూశాడు గనక! పార్కులో దొరికిన గెలుపు ఇంకా తలకెక్కి ఉంది. ఈసారికి సేటు మాట మరిచిపోయి దానకర్ణుడైపోయాడు.

“ఇదిగో, పెట్టుకో. నా నిజాయితీ మెచ్చి కంపెనీ మేనేజరు ఇచ్చినాడు.”

అలమేలు రుమాలు విప్పింది. కమ్మలు తిప్పి తిప్పి చూసింది. వెనక మరలు తడిమింది. ఆ తర్వాత రుమాలును కూడా మడత విప్పి చూసింది.

“ఏందట్లా చూస్తావు? దొంగసొత్తు అనుకుంటివా?”

“ఇవి మాయమ్మ నా పెండ్లికి పెట్టిన కమ్మలు” అంది అలమేలు నెమ్మదిగా. “ఇన్నేండ్లు నా చెవుల్లోనే ఉన్నా మీకు గుర్తు తెలీలేదు.”

యతిరాజులు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “మరి... నీ చెవుల్లోనివి...”

“ఇయ్యాల పిల్లల పెండ్లిరోజు గదా అని పొద్దున నేనే కోడలికి పెట్టి, ఈ ఒక్క గదిలో మీ కండ్ల ముందర మొగుడూ పెండ్లాలు ఏం నవ్వుకుంటారని, గుడికని చెప్పి ఆ సముద్రం పార్కులో గొడుగేసుకుని కూచోండి పోండని గిరిని, దాన్ని పంపించినాను.”