కాల్కులస్‌లో ఇరవై నాలుగు

"ఎన్ని?" అన్నాడు జయానందం.

"ఇరవై నాలుగు, డాడీ."

"వందకా?"

"వందకే."

జయానందం చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పదో తరగతి లెక్కల్లో వందకు వంద తెచ్చుకున్న పిల్ల. ఫస్ట్ పీయూసీలో, అంటే ఇంటర్ మొదటి ఏడాదిలో, కాలేజీకే ఫస్టు. సెకండ్ పీయూసీలో కాల్కులస్ మొదలయ్యాక ఏ దయ్యం పట్టిందో, మొదటి టెస్టులో ముప్పై ఎనిమిది, రెండోదాంట్లో ఇదీ నిర్వాకం.

"ఏడ తప్పుతున్నవ్ బిడ్డా?"

"ఇంటిగ్రేషన్ అర్థమైతలేదు డాడీ. క్లాసు ఉరుకుతుంది, నేను ఎనకవడుతున్న."

షెకినా పేపరు ముందుకు జరిపి, "ఇక్కడ సంతకం పెట్టు" అంటూ వేలితో చోటు చూపించింది. పెట్టాడు. కళ్లద్దాలు ఆఫీసులో మరిచిపోయానని చెప్పే అవసరం కూడా రాలేదు. ఆ మాటకొస్తే పాపం ఆ కళ్లద్దాలు రెండు నెలలుగా ఆఫీసులోనే కాపురముంటున్నాయి.

అసలు సంగతి షెకినాకు తెలియదు. తెలియకూడదు. నీటికాసులట, డాక్టర్ల భాషలో గ్లకోమా. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో తలుపు సందులోంచి చూసినంత వెలుగు మిగిలింది. అదీ ఏడాదికి మించి ఉండదని డాక్టరు జూన్‌లోనే చెప్పేశాడు. తాలూకా ఆఫీసులో ఇరవై రెండేళ్ల అటెండరు పని, ఏ ఫైలు ఏ బల్లకో కాళ్లకే తెలుసు కాబట్టి అక్కడ గడిచిపోతోంది. ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు బైబిలు తెరిచి కీర్తన చదువుతాడు. కంఠతా వచ్చిన కీర్తనే కనక ఏ పేజీ తెరిచినా ఒకటే. షెకినా తల వంచుకుని వింటుంది. భార్య కమలాబాయి పోయాక బీదర్ ఊళ్లో చిద్రి అనే పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో మిగిలింది తండ్రీకూతుళ్లే. ఒక్క పిల్ల దగ్గర దాచడం ఏమంత కష్టమని అనుకున్నాడు.

మూడో టెస్టు తర్వాత కాల్కులస్‌లో ముందున్న నలుగురిని కాలేజీవాళ్లు బెంగళూరు స్పెషల్ బ్యాచ్‌కు పంపుతారు. చదువు, హాస్టలు, తిండి అన్నీ వాళ్లవే. వెళ్లినవాళ్లు పరీక్షలయ్యేదాకా ఇంటి మొహం చూడరు. ఆ తర్వాత ఇంజినీరింగూ అక్కడే. జయానందానికి కావలసింది సరిగ్గా అదే. తన చూపు ఆరిపోయేలోగా బిడ్డ బీదర్ దాటాలి. ఇక్కడే ఉంటే గుడ్డి తండ్రి చేయి పట్టుకుని నడిపించడంతోనే దాని బతుకు తెల్లారిపోతుంది.

పక్కింటి అంబిక రోజూ పుస్తకాలు పట్టుకుని షెకినా దగ్గరికి వస్తుంది. ఇద్దరిదీ ఒకే క్లాసు. ఆ పిల్లకు డెబ్బై ఎనిమిది వచ్చాయి. ఒక సాయంత్రం జయానందం సిగ్గు విడిచి అడిగాడు.

"అంబికమ్మా, మా షెకినాకు జర ఆ ఇంటిగ్రేషన్ నేర్పియ్యరాదా?"

"నేనా అంకుల్? షెకినాకా?" అని అంబిక కిసుక్కున నవ్వింది. ఇంకేదో అనబోయి ఆగిపోయింది.

ఆ నవ్వు అతని గుండెలో ముల్లులా దిగింది. ఒకప్పుడు ఈ వీధి పిల్లలందరికీ లెక్కలు చెప్పిన తన కూతురికా ఈ గతి? అంబిక వెళ్లగానే షెకినా మీద విరుచుకుపడ్డాడు.

"సూస్తివా? నిన్ను సూసి నవ్వుతున్నరు. నువ్వు మనసు పెడ్తలేవు. మీ అమ్మ ఉంటే ఎంత ఏడ్చేదో!"

షెకినా పుస్తకం మూసేసింది. "నాకు రాదు డాడీ. ఇడిసిపెట్టు. బీదర్‌లనే బీఎస్సీ చేస్త" అంది.

"నా ఆశ మీద మన్ను పోస్తున్నవ్ బిడ్డా."

ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఉన్నవి నాలుగు గిన్నెలే అయినా నల్లా అరగంట పారింది.

మూడో టెస్టయిన వారానికి లెక్కల లెక్చరర్ వేణుమాధవ్ ఫోన్ చేసి రమ్మన్నాడు. జహీరాబాద్ నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, షెకినా అంటే అభిమానం. జయానందం కూతురికి చెప్పకుండా ఆటో ఎక్కి, స్టాఫ్‌రూమ్ గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లాడు.

"ఎన్నొచ్చినయి సార్?"

"సున్నా."

జయానందం తడిమి కుర్చీ వీపు దొరకబుచ్చుకున్నాడు. "నా బిడ్డ మొద్దు కాదు సార్. మల్లొక్కసారి రాపియ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"మీరే సూడుండ్రి" అంటూ వేణుమాధవ్ ఆన్సర్ పేపరు అతని చేతిలో పెట్టాడు.

జయానందం దాన్ని మొహం దాకా ఎత్తాడు. చదివేవాళ్లలాగే ఒక్కో పేజీ తిప్పుతూ, మధ్యమధ్య ఆగుతూ, తల అడ్డంగా ఆడించాడు.

"నిజమే సార్. అన్నీ తప్పులే చేసింది."

వేణుమాధవ్ కుర్చీ జరిపి అతన్ని కూర్చోబెట్టాడు.

"ఇందుల ఒక్క తప్పు గూడ లేదు జయానందంగారూ. అన్ని లెక్కలు సక్కగ జేసి, ప్రతి పేజీని అడ్డంగ కొట్టేసింది. కొట్టేసినదానికి మేం మార్కులెయ్యం, ఆ సంగతి ఆమెకు తెల్సు. ఇంత లావు గీతలు మీకు కనవడలేదా?"

జయానందం పేపరును మళ్లీ మొహం దాకా ఎత్తాడు.

"ఆఖరి పేజీల నాకో మాట రాసింది. నిజమో కాదో తెల్సుకుందామనే పేపరు మీ చేతికిచ్చిన" అని వేణుమాధవ్ దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని చదివాడు.

"మా డాడీకిస్తే సూసినట్టే చేస్తడు, ఏమనకుండ్రి సార్."