కారు లింగమూర్తి

"ఇగ దీనికి ప్యాచు పెట్టాల్నంటే ప్యాచు మీద ప్యాచు పెట్టాలె. కొత్త టైరు ఎయ్యరాదే, కాకా!" అన్నాడు మన్సూర్.

ఇంటి దగ్గర్నుంచి చేత్తో దొర్లించుకుంటూ తెచ్చిన చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు లింగమూర్తి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. జేబులోంచి కారు తాళంచెవి గొలుసు బయటికి వేలాడుతోంది.

"ఇంకొన్నొద్దులు ఆగుతది తియ్యి. గాలి నిలిస్తె సాలు."

మన్సూర్‌కు ఒళ్లు మండింది. గోదావరిఖని చౌరస్తాలో పంచర్ల దుకాణం పెట్టిన దగ్గర్నుంచి ఎంతమంది లారీల వాళ్లను చూశాడో లెక్కలేదు. ఇంత పిసినారిని మాత్రం చూడలేదు. టైరు అరిగి బోడిగుండైంది. ట్యూబు చూస్తే అతుకుల బొంత.

"కారు కొనుడు ఎరికైంది గనీ, టైరు కొనుడు ఎరికలేదా?"

షిఫ్టు దిగి బల్ల మీద కూర్చున్న కార్మికులు పగలబడి నవ్వారు. లింగమూర్తి కూడా వాళ్లతో పాటే నవ్వాడు. అది చూసి మన్సూర్‌కు ఇంకా రోత పుట్టింది.

లింగమూర్తి గని మీద ల్యాంపు రూములో దీపాలు అందించేవాడు. మొన్నమొన్నటి దాకా అతను అందరికీ "ల్యాంపుల లింగడే". ఒకరోజు అతని క్వార్టరు ముందుకు నల్ల అంబాసిడర్ వచ్చింది. మంచి ముహూర్తం దాకా స్టార్టు చేయొద్దని అయ్యగారు చెప్పాడంటూ కూలీలతో నెట్టించుకొచ్చాడు. పెట్రోలు మిగుల్చుకునే ఎత్తని మన్సూర్ అప్పుడే కనిపెట్టాడు. ఆ ముహూర్తం రాకముందే వెనక టైరు గాలి దిగడం మొదలైంది. పేరు మాత్రం మారింది. లింగడు పోయి కారు లింగమూర్తి అయ్యాడు. ఎన్నడూ గడప తొక్కని తోడల్లుడు కూడా వచ్చి చాయ తాగి వెళ్లాడు.

రోజూ పొద్దున్నే కారు కడిగేవాడు. పంపుతో గాలి కొట్టేవాడు. లోపల కూర్చుని హారను మోగించి దిగేవాడు. పెళ్లికని ఎవరైనా అడిగితే టైరు లీకు. జాతరకని అడిగినా టైరు లీకే. రాను రాను క్వార్టర్లలో ఎవరికి ఏ పని ఇష్టం లేకపోయినా "టైరు లీకున్నది" అని వెక్కిరించడం అలవాటైంది.

"కారుంటె ఏం లాభం? దిల్ సైకిలంత గూడ లేదు" అనేవాడు మన్సూర్.

వానలు మొదలైన రోజుల్లో అతని భార్య మైమూనాకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదంది మంత్రసాని. మన్సూర్ బురదలో ఉరుక్కుంటూ లింగమూర్తి ఇంటికి వెళ్లాడు.

"కాకా, మైమూనా పానం మీదికొచ్చింది. కరీంనగర్ దవాఖానకు తీస్కపోవాలె. జల్ది కారు తియ్యి!"

లింగమూర్తి కారు వైపు చూశాడు. మన్సూర్ వైపు చూశాడు.

"టైరు... లీకున్నది గద, మన్సూరూ."

"నేను పక్కన్నే కూసుంట. దిగినకాడల్లా గాలి కొడ్త. నీ కాళ్లు మొక్కుత!"

"వద్దు బిడ్డా. లారీ చూద్దాం పా, నేనొస్త" అంటూ లింగమూర్తి చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఎదురుగా వస్తున్న బొగ్గు లారీకి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. డ్రైవరు బూతులు తిడుతూ బ్రేకు వేశాడు.

టైరు మిగుల్చుకోవడానికి ఎంత పరుగు తీశాడో అనుకున్నాడు మన్సూర్. లారీ ఎక్కుతూ అతని మొహం కూడా చూడలేదు.

మైమూనా బతికింది. ఆడపిల్ల పుట్టింది. దవాఖాన వరండాలో బిడ్డను ఎత్తుకున్నప్పుడు కూడా మన్సూర్ చెవుల్లో ఆ ఒక్క మాటే. టైరు లీకున్నది.

తిరిగొచ్చిన మర్నాడే దుకాణంలో ఉన్న కొత్త టైరు భుజాన వేసుకుని, జాకీ పట్టుకుని బయలుదేరాడు. దారి పొడవునా కేకేసి మనుషుల్ని పోగుచేశాడు. కారు దగ్గరికి వెళ్లి, అడగకుండానే వెనక చక్రం ఊడదీసి, అక్కడే టైరు ఎక్కించి బిగించాడు.

"ఏంది మన్సూరూ, ఇప్పుడెందుకిది? వద్దు" అంటున్నాడు లింగమూర్తి.

"ఎందుకొద్దు? నడిపితె అరుగుతదా?" అందరూ గొల్లున నవ్వారు. "ఇగ లీకు లేదు, సేటూ! ఎక్కు. నడుపు. గీ వాడంత చూడాలె!"

లింగమూర్తి ఎక్కాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. తాళం తిప్పలేదు. ఎదురుగా గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"థూ! నా పెండ్లాం సస్తుంటే గూడ నీకు టైరే ముద్దయ్యింది. నువ్వు మనిషివేనా?"

లోపల్నుంచి లింగమూర్తి భార్య పోశవ్వ వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని కారు ముందుకు నడిచింది.

"వద్దే, పోశీ!" అన్నాడు లింగమూర్తి.

"ఇంకెన్ని దినాలయ్యా?" అని ఆమె బానెట్ పైకెత్తి పట్టుకుంది. "చూడు, కొడుకా."

మన్సూర్ వంగి చూశాడు.

ఇంజను ఉండాల్సిన చోట ఇంత గడ్డి పరిచి ఉంది, దాని మీద కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది.