కొత్త బండి దీపాలు

“గుమ్మడికాయ కొట్టింది నేను. తాళంచెవి వానికిచ్చిండ్రా సార్?”

బాలనర్సయ్య గొంతు పెంచలేదు. చేతికంటిన కుంకుమను తువ్వాలుతో తుడుచుకుంటూ అడిగాడు. మణికొండలోని వంటశాల ముందు కొత్త పికప్ బండి బంతిపూల దండ వేసుకుని నిలబడి ఉంది. లోపల సంతోష్ అప్పుడే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

“అలా అంటావేంటి నర్సయ్యా? ఆ బండిలో అన్నీ తెర మీద ఇంగ్లీషులో పడతాయి. చదవాలి కదా” అన్నాడు యజమాని రామ్మోహనరావు.

“దీపాలకు చదువెందుకు సార్? ఎర్రది వెలిగితే బండి ఆపాలె. పసుపుది వెలిగితే చూసుకోవాలె. నీలంది వెలిగితే మన లైటు ఎదురొచ్చెటోని మొఖం మీద కొడుతున్నట్టు, దించాలె. గివన్నీ వానికి నేర్పిందే నేను.”

అబద్ధం కాదు. మూడేళ్ళ కిందట సంతోష్ చేరినప్పుడు ఏ మీట దేనికో, ఏ దీపం ఏం చెబుతుందో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది అతనే. పందొమ్మిదేళ్ళుగా హైటెక్ సిటీ ఆఫీసులకు మధ్యాహ్నం భోజనం మోస్తున్నదీ అతనే.

రామ్మోహనరావు నవ్వి భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు. తాళంచెవి మాత్రం సంతోష్ దగ్గరే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి బాలనర్సయ్యకు తన పాత బండి ఎక్కాలంటేనే చిరాకు. సంతోష్ కొత్త బండిని తుడవడం చూస్తే కడుపు మండేది. తన డాష్‌బోర్డు మీద ఏ దీపమూ సరిగ్గా వెలిగి చావదు. నాలుగుసార్లు చెబితే యజమాని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. అతను అయిదు నిమిషాలు అటూ ఇటూ చూసి, “బాగానే ఉన్నాయి” అని వెళ్ళిపోయాడు.

‘పాత బండికి ఎందుకులే అని సారే చెప్పి ఉంటడు’ అనుకున్నాడు బాలనర్సయ్య.

ఒకరోజు ఆఫీసు టవర్ కింద సెల్లార్‌లోకి దిగుతుంటే, ఖాళీ గిన్నెలతో సంతోష్ ఎదురొచ్చాడు. లైట్లు రెండుసార్లు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తెల్లటి వెలుగు బాలనర్సయ్య ముందరి అద్దమంతా పరుచుకుంది. బండి ఆపి తల బయటపెట్టాడు.

“ఏందిరా, కొత్త లైట్లున్నయని నాకు చూపిస్తున్నవా?”

“గది కాదు కాకా. నీ హైబీమ్ పడింది. జర డిమ్ చెయ్యి.”

“పడితే నీలం దీపం నాకు కనబడదా? నాకే నేర్పుతవా?”

సంతోష్ గోడ పక్కగా బండి జరిపి దారి ఇచ్చాడు. ఆ మర్యాద కూడా బాలనర్సయ్యకు పొగరులాగే తోచింది.

ఆ కోపమంతా ఇంటికి మోసుకెళ్ళాడు. భార్య సాయమ్మ చాయ్ తెచ్చిస్తే గ్లాసు పైకెత్తి చూశాడు.

“మబ్బుగుంది. కడుగుతున్నవా, ఊరికే నీళ్ళల్ల ముంచి తీస్తున్నవా?”

“రెండుసార్లు కడిగిన. కోపం సంతోష్ మీద, తిట్లు నాకా?” అంది సాయమ్మ.

ఆ వారంలోనే అసలు గొడవ జరిగింది. మూడు వందల మంది అన్నంతో వెళ్తున్న పాత బండి ఖాజాగూడ చెరువు దగ్గర ఆగిపోయింది. డీజిల్ అయిపోయింది. సంతోష్ పరుగున వచ్చి గిన్నెలన్నీ తన బండిలోకి ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. అయినా గంట ఆలస్యం.

సాయంత్రం ఇద్దరినీ నిలబెట్టాడు రామ్మోహనరావు.

“డీజిల్ దీపం వెలగలేదా నర్సయ్యా?”

“అది ఎప్పుడో చచ్చింది సార్. చెప్తే ఇన్నరా?”

“ఈ ఆఫీసు ఆర్డరు పోతే వంటశాల మూసుకోవాలి. ఇంకొక్కసారి ఇలా అయితే నీ చేతికి స్టీరింగ్ ఇవ్వను. చెబుతున్నా.”

స్టీరింగ్ తప్ప బాలనర్సయ్యకు వేరే పని రాదు. పక్కన సంతోష్ తల దించుకుని ఉన్నాడు. నవ్వు దాచుకోవడానికే అనిపించింది.

“నన్నంటరు గానీ సార్, వీడు వారం సంది ఇంజన్ దీపం వెలుగుతున్నా అట్లనే నడుపుతున్నడు. కొత్త ఇంజన్ కరాబైతది.”

“నువ్వు చూశావా?”

“నా రెండు కండ్లార చూసిన.”

“కాకా!” అన్నాడు సంతోష్. “తాళం తిప్పంగనే వెలిగి, స్టార్ట్ కాంగనే ఆరిపోతది గది. నువ్వే కదా చెప్పినవ్...”

“నువ్వాగవయ్యా” అన్నాడు రామ్మోహనరావు. “పందొమ్మిదేళ్ళ అనుభవం ఊరికే అబద్ధమాడదు. రేపటి నుంచి నువ్వు పాత బండి తీసుకో. పాత బండైనా, కొత్త బండైనా, ఇకమీదట ఏ తప్పు జరిగినా దీపం మీద నెట్టొద్దు ఇద్దరూ.”

మర్నాడు పదకొండు గంటలకు గిన్నెలెక్కాయి. సంతోష్ తాళంచెవి తెచ్చి బాలనర్సయ్య చేతిలో పెట్టాడు.

“కాకా, నేను తప్పు చేసిన్నా?”

బాలనర్సయ్య తలుపు తీసి బండెక్కాడు. సీటు మీద ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. దాని వాసన అతనికి హాయిగా ఉంది. ఎన్నాళ్ళకు! వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని తాళం తిప్పాడు.

సంతోష్ కిటికీలోంచి తొంగిచూశాడు.

“అన్ని దీపాలు ఎట్ల మెరుస్తున్నయో చూడు కాకా. స్టార్ట్ చెయ్యి, ఒక్కొక్కటే ఆరిపోతయ్. నేనేం దాచలె.”

బాలనర్సయ్య ముందుకు వంగాడు. తువ్వాలుతో డాష్‌బోర్డు అద్దం తుడిచాడు. ఇంకోసారి గట్టిగా తుడిచాడు.

“బాగుందా నర్సయ్యా?” గుమ్మంలోంచి అడిగాడు రామ్మోహనరావు.

“మంచిగుంది సార్.”

కొత్త బండిలోనూ దీపాలు మసకగానే ఉన్నాయి.