తుల్లియో గారి ఇంగ్లీషు

“కోల్డ్,” అన్నాడు తుల్లియో.

సత్యప్రసాద్ చల్లటి నీళ్లు తెచ్చిచ్చాడు. ముసలాయన గ్లాసు తోసేసి, వణుకుతూ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. “కోల్డ్, కోల్డ్,” అని మళ్లీ అదే మాట.

సాయంత్రం ఇటలీ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు గానీ సంగతి తెలియలేదు. వాళ్ల భాషలో ‘కాల్దో’ అంటే వేడి. పాపం, పొద్దుట్నుంచీ ఆయన అడుగుతున్నది వేణ్ణీళ్లు.

తుల్లియో ఇంజనీరు. కువైట్ వచ్చి చాలా ఏళ్లయింది. సులైబియాలో ఫ్యాక్టరీలకి మిషన్లు బిగించేవాడు. ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడట. కారు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలాక పుట్టుభాష ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషు మొత్తం తుడుచుకుపోయింది. కొందరికి అలా అవుతుందన్నారు డాక్టర్లు. ఓపిగ్గా నేర్పితే తిరిగి రావచ్చన్నారు.

ఆ ఓపిక సత్యప్రసాద్‌కి ఉంది. అమలాపురం దగ్గర మనిషి. హెల్పర్‌గా ఈ ఆసుపత్రిలో కొత్తగా చేరాడు. వస్తూనే తల దెబ్బల వార్డు అడిగి మరీ వేయించుకున్నాడు. మనుషుల్ని పక్కకి తిప్పాలి, ఒళ్లు తుడవాలి, గుడ్డలు మార్చాలి. అందరూ తప్పించుకునే వార్డు అది. ఇష్టపడి వచ్చినవాణ్ణి ఇంటి సంగతులు ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

డ్యూటీ అయ్యాక తనుండే మహబూలాకి బస్సెక్కకుండా తుల్లియో మంచం పక్కన కూర్చునేవాడు. వాటర్. పెయిన్. విండో. తుల్లియో ప్రతి మాట చివరా ఓ అచ్చు తగిలించేవాడు. బెడ్డు, రోడ్డు అంటుంటే కోనసీమ మనిషి మాట్లాడినట్టే ఉండేది. ‘హ’ మాత్రం నోరు తిరిగేది కాదు. హార్ట్‌ని ఆర్ట్ అనేవాడు.

‘అండర్ ద వెదర్’ అంటే ఒంట్లో బాగోలేదని అర్థం అని చెబితే, తుల్లియో కిటికీలోంచి దుమ్ముగాలిని చూసి, నిజమేనన్నట్టు తలూపాడు. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే చాలా సులువని నేర్పితే, కేకేదని చేత్తో అడిగాడు. వార్డంతా నవ్వింది. సత్యప్రసాద్ నవ్వలేదు. తర్వాతి మాటకి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి జరిగిపోయిన కాలం మొదలుపెట్టాడు. ఈజ్ కాదు, వాజ్. సే కాదు, సెడ్. తుల్లియోకి అది కొరుకుడు పడలేదు. అలసిపోయి గోడవైపు తిరిగేవాడు. ఒక్కోసారి ఏడ్చేవాడు. సత్యప్రసాద్ ఆయన కళ్లు తుడిచి మళ్లీ మొదటికి వచ్చేవాడు.

“ఎందుకు ప్రసాద్, పెద్దాయన్ని అంత కష్టపెడతావు?” అంది హెడ్ నర్సు రాజ్యశ్రీ. విజయవాడ మనిషి. మనసు మెత్తన. “నీళ్లు, నొప్పి అనడం వస్తే చాలదా?”

“జరిగింది చెప్పలేకపోతే మాటలొచ్చి ఏం లాభవండి?”

“అంతగా కావాలంటే ఫోన్‌లో అనువాదం పెట్టుకో. అదే చెబుతుంది.”

“అనువాదంలో మాట మారిపోద్దండి, సిస్టర్.”

ఇంత సేవ కన్నకొడుకు కూడా చెయ్యడని ఆ సాయంత్రం రాజ్యశ్రీ తుల్లియో కూతురికి ఫోన్‌లో చెప్పింది. అవతల ఆ పిల్ల ఏడ్చింది.

తర్వాత తుల్లియోకి ఫిట్స్ మొదలయ్యాయి. తలలో మళ్లీ రక్తం చేరింది. ఆపరేషన్ తప్పదన్నారు. మనిషి దక్కినా మాట దక్కుతుందని చెప్పలేమన్నారు.

ఆ కబురు విన్నాక సత్యప్రసాద్ తిండి మానేశాడు. సెలవు పెట్టి, రోజంతా ఆ మంచం దగ్గరే ఉన్నాడు. వాజ్. సెడ్. హర్డ్. “ఇంకొక్కసారి, సార్. ఇంకొక్కసారి.”

ఆపరేషన్ రేపనగా, మధ్యాహ్నం, తుల్లియో కళ్లు మూసుకుని నెమ్మదిగా నోరు విప్పాడు.

“ఐ... వాజ్ ఇన్ కారు. ఇట్ వాజ్ ఆట్.” హాట్ అనబోయాడు, ఎండ మండిపోయిందని చెప్పడం. “దెన్ ఐ వాజ్ ఆన్ రోడ్డు.”

జరిగిన సంగతిని ఇంగ్లీషులో చెప్పడం అదే మొదటిసారి. ఒక్క వాజ్ కూడా తప్పలేదు. సత్యప్రసాద్ లేచి వెళ్లి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

తుల్లియో అతని చెయ్యి పట్టుకున్నాడు. తడుముకుంటూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఇంగ్లీషులోనే అన్నాడు. “నువ్వు మంచివాడివి. నాకు మాటలిచ్చావు. నీకేం ఇవ్వను?”

“ఒక్క జవాబు చాలు, సార్.”

“అడుగు.”

సత్యప్రసాద్ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయనకి వచ్చిన మాటలే ఏరుకుని, ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

“ఆ రోజు మీ కారు గుద్దితే మీ పక్కనే రోడ్డు మీద పడి, అంబులెన్స్ వచ్చేదాకా మీతో ఇంగ్లీషులో ఏదో చెబుతూనే ప్రాణం వదిలిందట నా భార్య, ఏం చెప్పింది సార్?”