వరసలు కలపరాదు

“ఇంకొక్క ‘తల్లీ’ నా చెవిన పడిందంటే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు.”

మేనేజరు మూడో మెమో తెచ్చి బల్ల మీద పెట్టాడు. గజమన్న దాన్ని చదవలేదు. మొదటి రెండింటిలో ఉన్నదే ఇందులోనూ ఉంటుందని తెలుసు. కొనడానికి వచ్చినవాళ్లతో వరసలు కలపరాదు. మగవాళ్లయితే సార్, ఆడవాళ్లయితే మేడమ్. అంతకుమించి నోరు పెగలరాదు.

“అలాగే బాబూ,” అన్నాడు.

“బాబు కాదు. సార్.”

“అలాగే సార్ బాబూ.”

పక్క కౌంటరు అమ్మాయి నవ్వాపుకోలేక పరదా గుడ్డల చాటుకు పోయింది. మేనేజరుకు మాత్రం నవ్వు రాలేదు. హెడ్డాఫీసు నుంచి ఒక అధికారిణి ఇవాళ మామూలు కొనుగోలుదారులా వచ్చి అందరినీ పరీక్షించి పోతుందని పొద్దున్నే కబురందింది. ఆవిడ ముందు ముసలాయన నోరు జారితే ఆయన ఉద్యోగం పోతుంది, దాని వెనకే తనదీ పోతుంది. ఆ మాట దాచకుండా చెప్పేశాడు. ఇంకో రెండేళ్లయినా ఈ కొలువు లేకపోతే ఇల్లు గడవదని గజమన్న నెమ్మదిగా గొణిగాడు.

“అయితే నాలుక అదుపులో పెట్టుకోండి.”

గజమన్న అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఏళ్లు గజంబద్ద పట్టి గుడ్డ కొలిచాడు గనక గజమన్న. ఈ షోరూము ఇంకా కొట్టుగానే ఉన్న రోజుల్లో లోపల నేలంతా పరుపు. వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి, కాళ్లు బారజాపుకుని కూర్చునేవాళ్లు. ముందు మంచినీళ్లు, తరవాత ఇంట్లోవాళ్ల బాగోగులు, ఆ తరవాతే గుడ్డ. ‘ఈ రంగు నీకు నప్పదు పిన్నీ, జబ్బుపడి లేచినట్టుంటావు’ అని మొహం మీదే చెప్పేవాడు. కొలిచిన చోట కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే గుడ్డ చర్రున చీలేది. తల్లి ఒళ్లో కూర్చుని ఆ చప్పుడు విన్న పిల్లల్లో ఈ మేనేజరూ ఒకడు. ఆ సంగతి అతనెప్పుడూ బయటపెట్టలేదు.

ఇప్పుడు పరుపు లేదు, గజంబద్దా లేదు. పలకరింపును కూడా ఎక్కడో కూర్చుని ఎవడో రాసి పంపుతున్నాడు. మేనేజరు మాత్రం తప్పించుకున్నాడా? మూడు నెలల శిక్షణలో అతని యాసను కలుపు మొక్కలా పీకి పారేశారు. అతను ఫోన్ చేస్తే సొంత తల్లే ‘ఎవరండీ’ అంటోంది.

పదకొండు దాటాక ఒక నడివయసు ఆవిడ వచ్చింది. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గుడ్డలు తిరగేస్తున్నారు. ఈవిడ గుడ్డల వంక చూడనే లేదు. నేరుగా వచ్చి గజమన్న బల్ల ముందు నిలబడి, ఆయన్నే చూస్తోంది. మేనేజరుకు అర్థమైపోయింది. ఈవిడే అధికారిణి. అద్దం పక్కకు జరిగి చెవులు రిక్కించాడు.

గజమన్న చేతిలో గుడ్డ జారింది. బెదురుగా మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కళ్లతోనే హెచ్చరించాడు.

“మా షోరూముకు స్వాగతం మేడమ్,” అన్నాడు గజమన్న.

“నన్నేనా?” అంది ఆవిడ.

“మిమ్మల్నే మేడమ్.”

ఆవిడ తన కూతురికి పెళ్లి కుదిరిందనీ, దుప్పట్లకు గుడ్డ కావాలనీ, ఇలాంటివి పెద్దవాళ్లు ఎంచి పెడితే బాగుంటుందనీ చెప్పింది. వల విసురుతోంది అనుకున్నాడు మేనేజరు. పాత గజమన్న అయితే పెళ్లి మాట వినగానే అబ్బాయి గుణగణాలన్నీ ఆరా తీసి, పెళ్లికూతురి తల్లి చేత కన్నీళ్లు పెట్టించి గానీ వదిలేవాడు కాదు.

“ఎన్ని మీటర్లు కావాలి మేడమ్?” అన్నాడు గజమన్న.

ఆవిడ గుడ్డ అంచును వేళ్ల మధ్య నలుపుతూ ఉండిపోయింది.

“గడప తొక్కిన ప్రతివాళ్లనీ వరస కలిపి పిలుస్తారని ఊరంతా చెప్పుకుంటారు. మరి నన్నేమని పిలుస్తారు?”

ఇంత సూటిగా ఎవరైనా పరీక్ష పెడతారా? మేనేజరు అద్దం పక్కనుంచి మెడ సాచాడు. గజమన్న బల్ల అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. పక్కన గుడ్డలు తిరగేస్తున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

“మేడమ్ అనే పిలుస్తాను, మేడమ్.”

ఆవిడ తలాడించింది. “సరే. తెలిసింది,” అని గుడ్డ వదిలేసింది. ఏమీ కొనలేదు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

ఆవిడ మెట్లు దిగిందో లేదో మేనేజరు పరుగున వచ్చాడు. ఈ ఊళ్లో ఇక మన షాపును కొట్టేవాళ్లు లేరన్నాడు. మెమోలు మూడూ చింపేస్తానన్నాడు. సంతోషంలో శిక్షణంతా కొట్టుకుపోయి, పీకేశారనుకున్న యాస మొత్తం వేళ్లతో సహా బయటికొచ్చింది.

“ఎన్ని విధాల గుచ్చి గుచ్చి అడిగింది పెద్దయ్యా. ఒక్కసారి కూడా జారలేదే నువ్వు. ఎలా ఆపుకున్నావసలు?”

గజమన్న ఇంకా తలుపు వైపే చూస్తున్నాడు.

“ఆవిడ అధికారిణి కాదు సార్,” అన్నాడు. “పదకొండేళ్లుగా నాతో మాటల్లేని నా తోడబుట్టిన చెల్లెలు.”