వన్స్‌మోర్ మీట

నాటకాల్లో చప్పట్లూ ఈలలూ స్పీకర్లలోంచే వస్తున్న రోజులవి. జనం నోరు మెదపకుండా కూర్చుంటారు.

సౌండు ఇంజనీరుగా కెజియాకు తెనాలిలో అదే తొలి ప్రదర్శన. పద్యం కాగానే ‘వన్స్‌మోర్’ మీట నొక్కడం ఆమె పని. శిక్షణలో స్క్రీన్ మీద గీతలు చూడమన్నారు గానీ, వినమని ఎవరూ చెప్పలేదు.

రాజు వేషంలో వీరరాఘవులు రాగం తీస్తుంటే ఆమె వింటూ ఉండిపోయింది. పద్యం అయిపోయింది. వెనక వరసలోంచి బొంగురుగా ‘వన్స్‌మోర్’ అని వినిపించింది. ఆయన అలవాటుగా మళ్ళీ అందుకున్నాడు.

తెర పడ్డాక కిరీటం తీస్తూ ఆమె దగ్గరికి వచ్చాడు.

“బాగా నొక్కావమ్మాయ్. అచ్చం మనిషి అరిచినట్టే ఉంది.”

“నేను నొక్కలా బాబాయ్. వింటా మర్చిపోయా.”

ఆయన చెయ్యి కిరీటం మీదే ఆగిపోయింది.

“ఏదీ, ఆ మాట ఇంకోసారి చెప్పు.”