అంటుకోని జబ్బు

“అబద్ధమాడావు కదమ్మా!” అంది కూతురు, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే.

సెలవు రోజున ల్యాబ్ చూపిస్తానంటే మురిసిపోతూ వచ్చిన తల్లి గతుక్కుమంది. “నేనా? ఎప్పుడే?”

“నా చిన్నప్పుడు. వీధంతా వాంతులతో మంచం పట్టిన ఏడు. మొన్న మనందరి పేగుల్లోంచి నా పరిశోధనకి చిటికెడు కణాలు తీయించానుగా? ఇవి నాన్నవి. పచ్చగా మెరిసేది ఆ ఏటి వైరసే, ఫ్రీజర్‌లో దాచి ఉంచారు. ఎలా కరుచుకుందో చూడు!”

తల్లి ఒక కన్ను మూసి చూసింది. పచ్చటి చుక్కలు చీమల్లా ముసురుకుని ఉన్నాయి.

కూతురు పళ్లెం మార్చింది. “ఇవి నీవి.”

అంతా చీకటి. ఒక్క చుక్క లేదు.

“కణాల మీదుండే ఒక రకం చక్కెరని పట్టుకునే ఇది లోపలికి దూరుతుంది. నీకు పుట్టుకతోనే ఆ చక్కెర లేదు. పట్టు దొరక్క జారిపోయింది.”

“నాకు షుగరుందని డాక్టరు మొత్తుకుంటుంటేనూ!”

“అది రక్తంలోదిలే. మాట మార్చకు. ఈ జబ్బు నీకు జన్మలో రాదు. మరి నీకూ వాంతులేనంటూ ఆ వారమంతా నా పక్కన ఎందుకు పడుకున్నావు?”

తల్లికి ఆ గది కళ్ల ముందు మెదిలింది. ఇద్దరికీ ఒకటే దుప్పటి. గోడ మీద వేళ్ల నీడలతో కుందేళ్లు. నవ్వు బయటికి వినపడకుండా దిండులో దాచుకున్న మొహాలు. తలుపవతల అత్తగారి గొంతు: “బతికే ఉన్నారా తల్లీకూతుళ్లు?” తన కాపురంలో అంతకంటే మంచి రోజులు లేవు. ఇప్పుడు అవీ దొంగవని తేలిపోయాయి. పిల్ల ఇక ఆ రోజుల్ని తలుచుకుంటుందా?

“ఏం చెయ్యనే! నువ్వు వాంతులతో వేలాడిపోతుంటే, మీ నానమ్మ నన్ను వంటింట్లోంచి కదలనిచ్చిందా? నేనూ మంచమెక్కితేనే నీ పక్కన చోటు. బాత్‌రూమ్ గడియ పెట్టుకుని, చెంబుతో నీళ్లు పోస్తూ, వాంతి అవుతున్నట్టు గొంతు చించుకున్నాను. కోపమొచ్చిందా?”

కూతురు పక్కన మూతపెట్టి ఉన్న మూడో పళ్లెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. “ఇదీ చూడు.”

మళ్లీ చీకటే.

“ఇదీ నాదేనా?”

“కాదు, నాది.”

తల్లి తలెత్తింది. “మరి నీ వాంతులు?”

“నాదీ చెంబేనమ్మా. ఎగ్గొట్టాల్సిన లెక్కల పరీక్ష ఆ ఒక్కరోజే. కానీ నువ్వొచ్చి పక్కన పడుకున్నాక, ఇక లేవబుద్ధి కాలేదు.”